సైకిల్ గేరు ఖరీదులో ఎవరి వాటా ఎంత?

యాభై దాటాక సైకిలెక్కిన మనిషి ఆయన. సొంత ఊరు కృష్ణా జిల్లా, కొలువు ఢిల్లీలో. చక్కెర జబ్బు మొదలైందని వైద్యుడు హెచ్చరించిన రోజున పట్టుకున్న హ్యాండిల్‌ను మళ్లీ వదలలేదు. శీతాకాలపు ఆదివారాల్లో తెల్లవారకముందే బయలుదేరి, గురుగ్రామ్ దాటి ఆరావళి గుట్టల దాకా తొక్కి, ఎండ ముదిరే వేళకు ఇల్లు చేరేవారు. 2022 చివరలో ఆ సైకిల్ గొలుసు జారడం మొదలైంది. వెనుక చక్రానికి బిగించే పదకొండు పళ్లచక్రాల గుత్తి అరిగిపోయింది. దుకాణాల్లో దాన్ని క్యాసెట్ అంటారు. క్యాసెట్ మార్చినప్పుడు గొలుసు కూడా మార్చాలి.

ఝండేవాలాన్ సైకిల్ బజారులో ఆయనకు అలవాటైన దుకాణం ఒకటుంది. రెండూ కలిపి తొమ్మిది వేలవుతుందన్నాడు దుకాణదారు. ఆ రాత్రి ఇంగ్లండులో ఉన్న మేనల్లుడితో మాట్లాడుతూ ఆయన ఆ సంగతి ప్రస్తావించారు. అవతలివైపు కంప్యూటర్ మీద వేళ్లు ఆడిన చప్పుడు, కాసేపటికి జవాబు: “మామయ్యా, ఇక్కడ ఆన్‌లైన్‌లో అవే రెండూ మన రూపాయల్లో ఐదు వేల తొమ్మిదొందలు. సంక్రాంతికి వస్తున్నాను కదా, పెట్టెలో వేసుకొస్తాను.”

అలాగే వచ్చాయి. అప్పట్లో అమలులో ఉన్న 2016 నాటి బ్యాగేజి నిబంధనల ప్రకారం విదేశం నుంచి వచ్చే భారతీయుడు 50,000 రూపాయల విలువైన వస్తువులను సుంకం లేకుండా తెచ్చుకోగలిగేవాడు. చట్టం ఎక్కడా చెడలేదు. చెడిందల్లా మొహమాటం. క్యాసెట్ బిగించే పనిముట్లు ఇంట్లో లేవు. ఆ రెండు డబ్బాలనూ పట్టుకుని ఆయన మళ్లీ అదే దుకాణం మెట్లెక్కవలసి వచ్చింది.

దుకాణదారు ఏమీ అనలేదు. పని పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, ఎంత పడిందని మాత్రం అడిగాడు. ఆయన చెప్పారు. అతను లోపలికి వెళ్లి పంపిణీదారు ఇచ్చిన బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జీఎస్‌టీ కాకుండా అతను కొన్న ధర ఏడు వేలు. “సాబ్, మీరు చిల్లరగా కొన్న ధరకు నాకు టోకున కూడా దొరకదు. ఈ లెక్కలో నేను మిమ్మల్ని ఎక్కడ మోసం చేశానో మీరే చెప్పండి.”

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఇక్కడ చెల్లదు. ఇది పరదేశపు సరుకు మీద మోజు కాదు. రెండు చోట్లా సరుకు ఒకటే, చేసిన కర్మాగారం ఒకటే, డబ్బా మీది అక్షరాలు కూడా అవే. ఆ కర్మాగారం ఇంగ్లండు కన్నా భారతదేశానికే దగ్గర. అయినా ఆసియాలో తయారై ఐరోపా చేరి, అక్కడి ఇరవై శాతం అమ్మకపు పన్నును కూడా మోసి, విమానమెక్కి తిరిగి ఆసియాకు వచ్చిన వస్తువు, నేరుగా ఇక్కడికి వచ్చిన దాని కన్నా చవకగా ఎలా ఉంటుంది?

జవాబు కోసం ఒక లెక్క వేసి చూడవచ్చు. కర్మాగారం గుమ్మం దగ్గర వంద రూపాయలకు దొరికే విడిభాగం ఒకటుందనుకుందాం. సైకిల్ విడిభాగాలపై మూల కస్టమ్స్ సుంకం 20 శాతం. ఆ సుంకంపై పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. సరిహద్దు దాటేసరికి దాని ఖరీదు 122. దేశం మొత్తానికి ఒకే హక్కుదారుగా ఉండే పంపిణీదారు 20 శాతం వేసుకుంటే 146. దుకాణదారు 25 శాతం వేసుకుంటే 183. ఆనాటి 12 శాతం జీఎస్‌టీ కలిపితే 205. రవాణా ఖర్చును పక్కన పెడితే, ఇందులో కర్మాగారానికి 100, ప్రభుత్వానికి 44, దుకాణదారుకు 37, పంపిణీదారుకు 24. లాభాల శాతాలు ఉదాహరణకు అనుకున్నవే అయినా లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు అదే వస్తువును ఐరోపాలోని ఒక భారీ ఆన్‌లైన్ సంస్థ అమ్మే తీరు చూడాలి. వేల సంఖ్యలో కొంటుంది కనుక పంపిణీదారును దాటి నేరుగా కర్మాగారంతోనే బేరం కుదుర్చుకుంటుంది. 25 శాతం లాభం వేసుకున్నా ధర 125. బ్రిటన్‌లో ఉన్నవారికి అమ్మితే 20 శాతం వ్యాట్ పడుతుంది. వస్తువు దేశం దాటి వెళితే ఎగుమతి కనుక ఆ పన్నూ ఉండదు. 120 పౌండ్ల వస్తువు విదేశీ చిరునామాకు 100 పౌండ్లకే వెళుతుంది. మన 125 రూపాయల వస్తువు మీద పైన చెప్పిన భారతీయ పన్నులన్నీ నిజాయితీగా కట్టినా, తపాలా ఖర్చు మినహా, 171 రూపాయల దగ్గర ఆగుతుంది. దుకాణంలో అది 205.

ఈ లెక్కలో కంటికి కనబడని మెలిక ఒకటుంది. ప్రభుత్వం సరిహద్దులో వసూలు చేసిన సుంకం 22 రూపాయలే. పంపిణీదారు తన లాభాన్ని ఆ సుంకం కలిపిన ధర మీద లెక్కిస్తాడు. దుకాణదారు తన లాభాన్ని ఆ పైమొత్తం మీద లెక్కిస్తాడు. చివర జీఎస్‌టీ అన్నిటి మీదా పడుతుంది. దుకాణంలో కొనే మనిషి దగ్గరికి చేరేసరికి ఆ 22 రూపాయలు 37 అవుతాయి. ఖజానాకు రూపాయి చేరడానికి పౌరుడి జేబు నుంచి రూపాయిన్నరకు పైగా పోతుంది. బడ్జెట్ ప్రసంగాల్లో శాతాలు వినిపిస్తాయి గాని ఈ గుణకారం వినిపించదు.

పన్నులకు తోడు మరో కారణం ఈ వ్యాపారపు అలవాట్లలోనే ఉంది. గేర్ల తయారీ కంపెనీలు ఒకే వస్తువును రెండు ధరలకు అమ్ముతాయి. సైకిల్ కర్మాగారాలకు గుట్టలుగా ఇచ్చేది ఒక ధర, అందమైన డబ్బాలో పెట్టి దుకాణాలకు ఇచ్చేది మరో ధర. కర్మాగారాల దగ్గర మిగిలిపోయిన సరుకు పెద్ద ఆన్‌లైన్ అంగళ్లకు చేరుతుంది. ఏ దేశంలో ఎంతకు అమ్మాలన్నది ఆ దేశపు పంపిణీ హక్కుదారు నిర్ణయిస్తాడు. కొనుగోలుదారు ఎంత భరించగలడన్నది అక్కడ కొలమానం, ఎంత ఖర్చయిందన్నది కాదు.

ఈ తగువు భారతదేశానికే ప్రత్యేకం కాదు. ఆస్ట్రేలియాలో వెయ్యి డాలర్ల లోపు దిగుమతులకు పది శాతం జీఎస్‌టీ ఉండేది కాదు. అక్కడి సైకిల్ దుకాణాలకు జనం వచ్చి బూట్లు తొడిగి చూసి, హెల్మెట్ పెట్టి చూసి, ఇంటికి వెళ్లి బ్రిటిష్ సంస్థల నుంచి తెప్పించుకునేవారు. చిల్లర వ్యాపారుల గోల మీద ఆ దేశపు ఉత్పాదకత కమిషన్ 2011లో విచారణ జరిపింది. తేడాకు ఆ పది శాతం పన్ను ఒక్కటే మూలం కాదనీ, దేశానికో ధర నిర్ణయించే అంతర్జాతీయ సరఫరాదారుల పద్ధతి కూడా కారణమేననీ గుర్తించింది. 2018 జూలై 1 నుంచి ఆ పన్ను మినహాయింపు రద్దయింది.

ఆ చవక ధరలు అమ్మినవారికైనా కలిసివచ్చాయా? 1984లో ఉత్తర ఐర్లండ్‌లోని బాలీనూర్ అనే చిన్న ఊరిలో ఒక సైకిల్ దుకాణం వెలిసింది. అదే తరువాత చెయిన్ రియాక్షన్ సైకిల్స్‌గా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 2016లో అది పోర్ట్స్‌మత్‌కు చెందిన విగిల్‌తో కలిసింది. 2021 ఆరంభం నుంచి బ్రెగ్జిట్ నిబంధనలు అమలై, ఐరోపా కొనుగోలుదారుకూ ఆ సంస్థకూ మధ్య కస్టమ్స్ గీత పడింది. అదే ఏడాది జర్మనీ కేంద్రంగా ఉన్న సిగ్నా స్పోర్ట్స్ యునైటెడ్ దాన్ని కొన్నది. కోవిడ్ కాలపు సైకిల్ గిరాకీ అంతలోనే చల్లబడింది. 2023 అక్టోబరులో మాతృసంస్థ సిగ్నా హోల్డింగ్ ఇస్తానన్న 15 కోట్ల యూరోల పెట్టుబడి మాటను వెనక్కి తీసుకుంది. ఆ నెలలోనే విగిల్ దివాలా పర్యవేక్షకుల చేతికి వెళ్లింది. ప్రపంచంలోని వీధి దుకాణాల పాలిట పిడుగుగా పేరుపడ్డ సంస్థ, పెట్టుబడిదారు చేయి తీయగానే నిలబడలేకపోయింది. మేనల్లుడు చూసిన ఆ ధరలో కొంత సామర్థ్యం ఉండవచ్చు, కొంత పన్నుల సందు ఉండవచ్చు. కొంత మాత్రం ఎవరో పోగొట్టుకుంటున్న డబ్బే.

ఇక అసలు ప్రశ్న స్వదేశంలో ఉంది. సైకిళ్ల తయారీలో చైనా తరువాత స్థానం భారతదేశానిది. అలాంటి దేశానికి పదకొండు పళ్లచక్రాల గుత్తిని దిగుమతి చేసుకునే గతి ఎందుకు పట్టింది?

స్వాతంత్ర్యం నాటికి ఇక్కడ తిరిగే మంచి సైకిల్ బ్రిటిష్ సైకిలే. దిగుమతులకు అడ్డుకట్ట పడ్డాక స్వదేశీ తయారీ ఊపందుకుంది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్ పుట్టాయి. విభజనతో పశ్చిమ పంజాబులోని కమాలియాతో తెగతెంపులైన ముంజాల్ సోదరులు లూధియానాలో విడిభాగాల వ్యాపారం సాగించి, 1956లో హీరో సైకిల్స్ ప్రారంభించారు. విడిభాగాల తయారీని చాలామట్టుకు చిన్న పరిశ్రమలకే కేటాయించారు. లూధియానా సందుల్లో వేలాది లేతు మిషన్లు తిరిగాయి, లక్షల కుటుంబాలు తిన్నాయి. పాలవాడికి, పోస్టుమ్యానుకు, బడిపంతులుకు సైకిల్ అందింది. అది చిన్న ఘనత కాదు.

అయితే ఆ రక్షణకు గడువు లేదు, షరతు లేదు. 1972లో తైవాన్‌లో పుట్టిన జయంట్ కంపెనీ అమెరికా బ్రాండ్లకు సైకిళ్లు చేసిపెడుతూ నేర్చుకుని, తరువాత సొంత పేరుతో ప్రపంచానికి అమ్మింది. 1921లో జపాన్‌లోని సకాయ్ పట్టణంలో ఫ్రీవీల్‌తో మొదలైన షిమానో గేర్ల రంగంలో తిరుగులేనిదైంది. తైవాన్‌లో ప్రభుత్వం, పరిశ్రమ కలిసి పరిశోధనకు పూనుకున్నాయి. పోటీ కంపెనీలు సైతం 2003లో ఉమ్మడి వేదిక కట్టుకున్నాయి. లూధియానాలోనూ సైకిళ్ల కోసం పరిశోధన, అభివృద్ధి కేంద్రం ఉంది. దాన్ని అడిగేవాడే కరవు. మన పరిశ్రమకు అతిపెద్ద కొనుగోలుదారుల్లో ప్రభుత్వాలే ఉన్నాయి. 2006లో బిహార్ బాలికలకు సైకిళ్లిచ్చింది, 2015లో పశ్చిమ బెంగాల్ సబుజ్ సాథీ తెచ్చింది. ఆడపిల్లను బడికి చేర్చిన ఆ పథకాలు గొప్పవి. కాని టెండరు అడిగేది అతి తక్కువ ధర. మంచి బేరింగు, తేలికైన చట్రం, నమ్మకమైన గేరు ఆ టెండరులో ఎవరికీ అక్కర్లేదు.

ప్రభుత్వానికి తెలిసిన మందు మాత్రం ఒకటే. 2012 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ సైకిళ్లపై సుంకాన్ని 10 శాతం నుంచి 30 శాతానికి, విడిభాగాలపై 10 నుంచి 20 శాతానికి పెంచారు. ఆ ఉద్యోగి సైకిల్‌కు కొత్త క్యాసెట్ బిగించిన కొద్ది వారాలకే, 2023 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ సైకిళ్లపై దాన్ని 35 శాతం చేశారు. పార్టీలు వేరు, మందు చీటీ ఒక్కటే. 2019 నవంబరులో ఆర్‌సెప్ ఒప్పందానికి దూరంగా ఉండాలని ప్రధాని నిర్ణయించినప్పుడు లూధియానా సైకిల్ తయారీదారులు ఊపిరి పీల్చుకున్నారు. ఆ మరుసటి నెలలోనే తపాలా, కొరియర్ల ద్వారా కానుకల పేరుతో వచ్చే వస్తువుల దిగుమతిని రాఖీలు, ప్రాణరక్షక మందులు మినహా నిషేధించారు. గోడకున్న కన్నాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ గోడ లోపలే ఏడు నెలలు తిరక్కుండా, 2020 జూన్ 3న, అట్లాస్ సంస్థ సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారంలో పని ఆపేసింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం. నడపడానికి డబ్బు లేదన్న నోటీసు గేటు మీద అంటించి ఉంది. పనికి వచ్చిన కార్మికులు దాన్ని చదువుకుని వెనుదిరిగారు.

గోడలు కట్టేది భారతదేశం ఒక్కటే అనుకుంటే అదీ పొరపాటే. స్వేచ్ఛా వాణిజ్యం గురించి లోకానికి పాఠాలు చెప్పే ఐరోపా సమాజం చైనా సైకిళ్లపై 1993 నుంచి డంపింగ్ నిరోధక సుంకం వేస్తూనే ఉంది. 2005లో దాన్ని 48.5 శాతానికి పెంచింది. చైనా సరుకు దారి మళ్లి వస్తోందంటూ 2013లో శ్రీలంక సహా మరికొన్ని దేశాల సైకిళ్లకూ వర్తింపజేసింది. అదే ఐరోపాలో వెనుకబడిన దేశాలకిచ్చే సుంకం లేని ప్రవేశాన్ని వాడుకుని బంగ్లాదేశ్ సైకిళ్ల ఎగుమతిదారుగా ఎదిగింది. లూధియానాకు ఎన్నో ఏళ్ల తరువాత సైకిల్ పట్టుకున్న ఢాకా, పరాయి మార్కెట్‌ను గెలిచే పనిలో పడింది. లూధియానా స్వదేశపు మార్కెట్ పోకుండా చూసుకునే పనిలో ఉండిపోయింది.

దేశంలో తయారయ్యే వస్తువుకు రక్షణగా సుంకం వేయడంలో ఒక న్యాయం ఉంది. గేర్లు లేని మామూలు సైకిల్‌కు అది వర్తిస్తుంది. లూధియానా కార్మికుడి కూడు దాని మీద ఆధారపడి ఉంది కనుక ఆ గోడను రాత్రికి రాత్రి కూల్చమనడం అన్యాయం. ఇక్కడ ఎవరూ చేయని పదకొండు స్పీడ్ల క్యాసెట్ మీద సుంకం ఎవరిని కాపాడుతున్నట్లు? లూధియానా లేతు మిషను దానివల్ల ఒక్క చుట్టు కూడా అదనంగా తిరగదు. పైగా విదేశీ గేర్లు తెచ్చి, ఇక్కడే చట్రం చేసి, మంచి సైకిల్ తయారు చేద్దామనుకునే చిన్న కంపెనీకి మొదటి మెట్టులోనే ఖర్చు పెరుగుతుంది. రక్షణ పేరిట వసూలు చేసిన సుంకం తిరిగి ఆ పరిశ్రమ పరిశోధనకే వెళ్లాలన్న నియమమూ లేదు.

ఝండేవాలాన్ దుకాణదారు ఈ సిద్ధాంతాలేవీ చదవలేదు. అతని తండ్రి అట్లాస్ సైకిళ్లు అమ్మి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఇప్పుడు అట్లాస్ లేదు. గేరు సైకిళ్ల పని నేర్చుకుని నిలదొక్కుకుందామంటే, ఆ 37 రూపాయల వాటాలోంచే అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, అమ్ముడుపోని సరుకు మీద వడ్డీ భరించాలి. విమానంలో పెట్టె తెచ్చుకునే బంధువు ఉన్నవాడు ఆ గోడ దూకగలడు. దుకాణదారు దూకలేడు. ఆ పెట్టె లేని కొనుగోలుదారూ దూకలేడు. రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తొక్కి వంటకాలు అందించే డెలివరీ కుర్రాడు ఆ రెండో కోవలోని వాడే. ఈ సుంకం అందరి మీదా సమానంగా పడుతున్నట్లు కాగితం మీద కనిపిస్తుంది. విదేశాల్లో మేనల్లుళ్లు అందరికీ ఉండరు.

2025లో రెండు మార్పులు వచ్చాయి. జూలైలో భారత్, బ్రిటన్ సమగ్ర వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, వాటి విడిభాగాలపై జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పైన వేసిన లెక్కలో 205 రూపాయల వస్తువు 192కు దిగుతుంది. ఊరటే. బ్రిటన్ ఒప్పందంతో క్యాసెట్ ధర దిగివస్తుందని ఆశించడానికి మాత్రం కారణం లేదు. అలాంటి ఒప్పందాల రాయితీ వస్తువు ఎక్కడ తయారైందన్నది చూసి ఇస్తారు, ఎక్కడి నుంచి అమ్మారన్నది చూసి కాదు. జపాన్‌లోనో చైనాలోనో చేసిన గేరు ఇంగ్లండు గోదాములో కొంతకాలం ఉన్నంత మాత్రాన బ్రిటిష్ సరుకైపోదు.

చేయదగిన పనులు ఆకాశంలో లేవు. దేశంలో తయారుకాని విడిభాగాలను గుర్తించి వాటిపై సుంకం తగ్గించడం మొదటిది. మిగిలిన సుంకాలకు గడువు పెట్టి, వచ్చిన సొమ్మును లూధియానా పరిశోధనకు కట్టబెట్టడం రెండోది. ప్రభుత్వ టెండర్లలో ధరతో పాటు మన్నికకూ మార్కులు వేయడం మూడోది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఓట్లు పోగొట్టేది కాదు. సైకిల్ గుర్తు మీద ఎన్నికల్లో గెలిచిన పార్టీలున్న దేశంలో, ఆ సైకిల్ గురించి చట్టసభల్లో గంటసేపు చర్చ జరిగితే తప్పేమీ లేదు.

ఆ ఉద్యోగి ఇప్పటికీ ఆదివారాల్లో ఆరావళి వైపు వెళుతున్నారు. గొలుసులు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు ఝండేవాలాన్‌లోనే కొంటారు. ఖరీదైన వస్తువు మేనల్లుడి పెట్టెలో వస్తే ఆ మాట ముందుగానే చెప్పి, బిగించడానికి ఎంతవుతుందో అడుగుతారు. మొదట్లో దుకాణదారు మొహమాటపడి మూడు వందలు తీసుకునేవాడు. ఇప్పుడు గోడ మీద హిందీలో రాసి పెట్టాడు: బయట కొన్న సామాను బిగింపు ఏడు వందలు. ఆయన బేరమాడకుండా ఇస్తారు.